తొమ్మిదో 'ప'

ఆ ఎండాకాలం నేను ఒక మనిషిని ఒక్క అక్షరంతో పడగొట్టాను. మున్సిపల్ ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. నా అక్షరం వల్లే ఓడిపోయాడని నేను అనను, ఆయన అంటాడు. ఇన్నేళ్ళయినా బజారులో నేను ఎదురుపడితే రోడ్డు దాటి అటువైపు వెళ్ళిపోతాడు, నాకు కడుపు చల్లగా ఉంటుంది. కక్ష మనిషిని కాల్చేస్తుందని పుస్తకాల్లో రాస్తారు. అలాంటి పుస్తకాల ప్రూఫులు బోలెడు దిద్దాను, ఒక్కటీ నాకు ఒంటబట్టలేదు.

ఆయన మా పట్టణంలో వచ్చే వారపత్రికకు సంపాదకుడు, యజమాని కూడా. అందరూ ఎడిటర్‌గారు అనేవారు. నేను అక్కడ ప్రూఫ్‌రీడర్‌ని. ఆయన చేత్తో రాసేవారు, టైపు బాబాయి దాన్ని కంప్యూటర్‌లో కొట్టేవాడు. టైపు బాబాయి మాకు చుట్టమేమీ కాదు, ఆఫీసులో అందరికీ బాబాయే. కళ్ళద్దాలు సీసా అడుగంత మందం. ఆయన తీసిచ్చిన ప్రూఫును ఎడిటర్‌గారి రాతతో అక్షరం అక్షరం పోల్చి, తప్పులు ఎర్ర సిరాతో దిద్ది, అంతా బాగుంటే కింద 'సరి' అని రాసి నా పొడి సంతకం పెట్టేదాన్ని. సరి పడిన తర్వాత ఆ పేజీని ఎవరూ ముట్టుకోకూడదు. అది ఆఫీసు నియమం.

పాత ప్రూఫు కాగితాలు నేనే మూట కట్టి ఇంటికి తెచ్చేదాన్ని. నాన్న పుస్తకాలకు బైండింగ్ వేస్తారు. మా ముందుగదే దుకాణం. మైనం రాసిన దారం, పెద్ద సూదులు, జిగురు గిన్నె, కాగితం కోసే కత్తి, గోడ వారగా అట్టల దొంతర. ఆ ప్రూఫు కాగితాలు అట్ట లోపలివైపు అంటించడానికి పనికొస్తాయి. ఊళ్ళో స్కూలు రిజిస్టర్లన్నిటి కడుపులో మా పత్రిక ఉండేది.

నాన్నకు నత్తి. అన్ని అక్షరాల దగ్గరా కొంచెం కొంచెం, 'ప' దగ్గర మాత్రం మరీ. పుస్తకాలతో బతికే మనిషికి 'ప' పలకకపోవడం దేవుడు ఆడిన పరాచికం అనేది మా మేనత్త. నాన్న దానికో ఉపాయం కనిపెట్టారు. పుస్తకం అనాల్సిన చోటల్లా 'బుక్కు' అనేవారు. పని అనాల్సి వస్తే 'బేరం', పాప అనాల్సి వస్తే 'చిన్నమ్మాయి'. తెలియని వాళ్ళకు నాన్న కొంచెం స్టైలుగా మాట్లాడతారని అనిపించేది.

ఎడిటర్‌గారు ఆ ఏడు మున్సిపల్ చైర్మన్ పదవికి నిలబడ్డారు. ఊరి గ్రంథాలయం ఖాళీ చేయించి ఆ స్థలంలో దుకాణాల భవనం కట్టిస్తాననేది ఆయన పెద్ద మాట. దాని మీద టౌన్‌హాల్లో సభ పెట్టారు. ఎవరైనా లేచి ఏమైనా అడగొచ్చన్నారు. వేదిక మీద ఆయన కుర్చీ వెనక పెద్ద బ్యానరు, "మాట మన హక్కు" అని. ఆ బ్యానరు ప్రూఫు కూడా నేనే చూశాను.

నేనూ అత్తా వెనక వరసలో కూర్చున్నాం. నాన్న ముందు కూర్చుంటానన్నారు. ఎందుకో మాకు చెప్పలేదు. ఇద్దరు ముగ్గురు లేచి రోడ్ల గురించీ, దోమల గురించీ అడిగాక నాన్న లేచారు. చొక్కా సర్దుకున్నారు.

"ప..." అన్నారు. "ప... ప..."

బుక్కులు అను నాన్నా, బుక్కులు అను అని లోపల అనుకుంటున్నాను. ఆయనకు ఆ మాట తెలియక కాదు. సభలో అంతమంది ముందు బుక్కులు అనడం మర్యాద కాదనుకున్నారట. తర్వాత అత్తతో చెప్పారు.

"పరుపు కావాలా బాబాయ్?" అన్నారెవరో వెనకనుంచి. హాలంతా గొల్లుమంది.

నాన్న వినలేదు. మెడ నరాలు ఉబ్బాయి. "ప... ప..."

ఎడిటర్‌గారు మైకు దగ్గరికి లాక్కున్నారు. "పెద్దాయనా, మీ మాట పూర్తయ్యేసరికి ఎన్నికలు కూడా పూర్తయ్యేలా ఉన్నాయి. ఇంకొకరికి అవకాశం ఇద్దాం." మళ్ళీ నవ్వులు. నాన్న కూర్చున్నారు. ఆయన అడగాలనుకున్నది రెండు మూడు ముక్కలు, అంతే. అది నోట్లోనే ఉండిపోయింది.

రెండ్రోజుల తర్వాత ఎడిటర్‌గారి కాలమ్ ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. శీర్షిక "ప దగ్గర ఆగిన పాట". సరిగమలు నేర్చుకుంటూ 'ప' దగ్గర ఇరుక్కుపోయిన ఓ అట్టల పెద్దమనిషి గురించి. పేరు లేదు. చక్కగా రాశాడు, కాదనను. వాక్యం వాక్యానికీ నవ్వు వస్తుంది, అట్టల పెద్దమనిషి మీ నాన్న కాకపోతే.

నేను ఆ కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

"ఇది మా నాన్నండీ."

"పేరు రాశానా?"

"ఊళ్ళో అట్టలు వేసేది ఒక్కరే కదండీ."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస." ఆయన కోప్పడలేదు, నవ్వారు కూడా. "చూడమ్మాయి, నవ్వడం నా హక్కు, నవ్వించడం కూడా నా హక్కే. మనిషి నలుగురి ముందుకొచ్చి నోరు తెరిచాడంటే నలుగురూ ఏమన్నా అంటారు, పడాలి. స్వేచ్ఛంటే అదే. నీకు కోపమొస్తే నువ్వూ రాయి, వేస్తాను. ఇప్పుడు మాత్రం నీ పని అక్షరాలు చూడటం. అర్థాలు కాదు."

బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా చేయి దాని పని అది చేసుకుపోతోంది. ఎడిటర్‌గారి రాతలో ఒక చోట నత్తి మాటను వరసగా రాశారు, తొమ్మిది 'ప'లు. టైపు బాబాయి ఎనిమిదే కొట్టాడు. పోల్చాను. మళ్ళీ లెక్కపెట్టాను. ఎనిమిదే. మార్జిన్‌లో గీత గీసి, ఎర్ర సిరాతో ఇంకో 'ప' రాశాను. కింద 'సరి' అని రాసి సంతకం పెట్టాను.

ఇంటికి వచ్చేదాకా నేనేం చేశానో నాకు బుర్రకెక్కలేదు. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఎక్కింది. అత్తకు చెప్పలేదు. నాన్నకైతే అసలే చెప్పలేదు.

పత్రిక వచ్చిన రోజు నుంచి వీధిలో పిల్లలు మా ఇంటి ముందు ఆగి పాడటం మొదలుపెట్టారు. "ప ప ప ప" అంటూ లెక్కగా తొమ్మిదిసార్లు. పిల్లలకు లెక్కలు బాగా వచ్చు. అత్త చీపురు పట్టుకుని వీధిలోకి పరిగెత్తేది. "మీ నాలుకల మీద వాతలు పెడతానర్రా!" అని అరిచి, లోపలికొచ్చి ఎడిటర్‌గారిని తిట్టేది. "వాడి నోట్లో మన్ను పడ. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, వీడి నోటికి ఊరు ఏమవుతుందో చూడవే!"

నాన్న మాత్రం తిట్టలేదు. అసలు మాట్లాడటమే మానేశారు. నత్తితోనైనా రోజంతా ఏదో ఒకటి చెబుతుండే మనిషి, కాగితపు ముక్కల మీద రాసి చూపించడం మొదలుపెట్టారు. 'అన్నం చాలు.' 'జిగురు అయిపోయింది.' 'రేపు ఇస్తానని చెప్పు.' ఆ చేతిరాత ముత్యాల్లా ఉండేది. నాకు ఆ ముక్కలు చూస్తే ఒళ్ళు మండేది. ఒక మనిషి ఏళ్ళ తరబడి ఒక్కో మాటకు ఒక్కో దొడ్డిదారి వెతుక్కుని, ఎలాగో నలుగురిలో తిరుగుతుంటే, ఇంకో మనిషి సరదాకు ఆ దారులన్నీ మూసేశాడు. దాని పేరు హక్కట.

"ఆ కొలువు మానెయ్యవే," అంది అత్త.

"మానను."

"వాడి ఉప్పు తినడానికి నీకు మనసెలా ఒప్పుతోందే?"

"ఉప్పు కాదత్తా. ఎర్ర సిరా ఉంది అక్కడ."

అత్త నా మొహం వంక చూసి, చీపురు మూలన పెట్టి వంటింట్లోకి నడిచింది.

ముందు నేను మర్యాదగానే వెళ్ళాను. రాయమన్నారు కదా, ఒక పేజీ రాశాను. నత్తి ఉన్న మనిషి ఒక ప్రశ్న అడగడానికి ఎంత ధైర్యం కావాలో, ఆ ప్రశ్నను వినకుండా నవ్వడానికి ఎంత తక్కువ ధైర్యం చాలో రాశాను. ఎడిటర్‌గారు చదివి, బాగుందన్నారు. ఆ వారం వేయలేదు. పై వారం అడిగితే "ఎన్నికల హడావిడమ్మా, స్థలం లేదు" అన్నారు. ఆ పై వారం కూడా లేదు. అదే పత్రికలో ఆయన ఫొటో నాలుగు చోట్ల ఉంది. అప్పుడు అర్థమైంది నాకు. మాట హక్కు అందరిదీ, అచ్చు మాత్రం ఆయనది.

పోలింగుకు వారం ముందు ప్రత్యేక సంచిక వేశారు. మొదటి పేజీ నిండా ఆయన బొమ్మ, బొమ్మ పైన జానెడు అక్షరాల్లో "పేదల మనిషి, మీ మనిషి". లోపల గ్రంథాలయం స్థలంలో కట్టబోయే భవనం, అందులో ఎవరెవరికి దుకాణాలో. ఆ పేర్లు నేను దిద్దాను. పేదవాడి పేరు వెతికినా ఒక్కటీ కనిపించలేదు. అందరూ పెద్దలే.

ప్రూఫులో తప్పేమీ లేదు. 'సరి' రాశాను, సంతకం పెట్టాను. ఒంటిగంటకు టైపు బాబాయి క్యారియర్ పట్టుకుని వెనక వరండాలోకి వెళ్ళాడు. ఒకటిన్నరకు పేజీ అచ్చుకు పోవాలి. కంప్యూటర్ తెరిచే ఉంది. గదిలో ఎవరూ లేరు, సీలింగ్ ఫ్యాను ఒక్కటే కిర్రుమంటోంది.

ఏత్వం తీసి ఎత్వం పెట్టాను. 'ద' కింద ఒత్తు పెట్టాను.

"పెద్దల మనిషి, మీ మనిషి."

అంతే పని. నా బల్ల దగ్గరికి వచ్చి మంచినీళ్ళు తాగాను. బాబాయి మూతి తుడుచుకుంటూ వచ్చి, తెర వంక ఒకసారి చూసి, పేజీ పంపించేశాడు. ఆ కళ్ళద్దాలతో ఆయన అక్షరాలు చూడడు, తన చేతి కింద మీటల్ని నమ్ముతాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఆయన సంగతి తర్వాత ఏమవుతుందో ఆలోచించలేదు. మర్చిపోయానని చెప్పొచ్చు, కానీ అది అబద్ధం. ఆలోచించడం ఇష్టం లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే కార్యకర్తలు ఇంటింటికీ సంచిక పంచారు. ఊరు లేచి కూర్చుంది. టీ కొట్టు దగ్గర ఒకాయన పైకి చదివాడు, వినేవాళ్ళు నవ్వలేక టీ ఒలకబోసుకున్నారు. ఎడిటర్‌గారు మనుషుల్ని పంపి ఇచ్చిన కాపీలు వెనక్కి తెమ్మన్నారు. అడిగేసరికి ఇవ్వాలనుకున్నవాళ్ళు కూడా దాచుకున్నారు. ఎవరైనా ఆ మాట అంటే కేసు పెడతానని టీ కొట్టు ముందు నిలబడి అరిచారట, మాట మన హక్కు అన్న మనిషి. మధ్యాహ్నానికి సవరణ కరపత్రం వేయించారు. "పెద్దల అని పడిన చోట పేదల అని చదువుకోగలరు." సరిగా చూడక వదిలేసినవాళ్ళు కూడా అది చదివి, అసలు కాపీ ఎక్కడ దొరుకుతుందని వాకబు చేశారు. ఆ కరపత్రం ప్రూఫు నేనే దిద్దాను. ఒక్క తప్పు కూడా రానివ్వలేదు.

సాయంత్రానికి ఆయనకు పేరు పడిపోయింది. "అదుగో పెద్దల మనిషి" అంటున్నారు. మా ఇంటి ముందు పాడే పిల్లలే ఆయన కారు వెనక పరిగెత్తుకుంటూ అరుస్తున్నారు. పిల్లలకు పక్షపాతం లేదు.

నేను ఒక కాపీ చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ రోజు నా నడక కూడా వేరు. అత్త అప్పటికే విని ఉంది. గుమ్మంలోనే నా రెండు బుగ్గలూ పట్టుకుని, "నా తల్లే! ఎక్కడ కాలాలో అక్కడ కాల్చావే!" అంది. నేను చేశానని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

నాన్న ఒక రిజిస్టరు వీపుకు జిగురు రాస్తున్నారు. నేను పత్రిక ఆయన ముందు పరిచాను. చేయి తుడుచుకుని చదివారు. శీర్షిక మీద వేలు పెట్టి, 'ద్ద' దగ్గర ఆపారు. తల ఎత్తి నన్ను చూశారు. నెలరోజుల తర్వాత మా నాన్న గొంతు విన్నాను.

"త... తప్పా?"

"కాదు నాన్నా. నేనే."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. లేచి, గోడవారనున్న ప్రూఫు కాగితాల దొంతర దగ్గరికి వెళ్ళి, అడుగునుంచి ఒక కాగితం లాగారు. తెచ్చి పత్రిక పక్కనే పెట్టారు.

"ప దగ్గర ఆగిన పాట". మార్జిన్‌లో ఎర్ర సిరా 'ప'. కింద 'సరి', నా సంతకం. నేనే మూట కట్టి నేనే మోసుకొచ్చాను. మిగతా కాగితాలన్నీ అట్టల్లోకి వెళ్ళిపోయాయి, అదొక్కటి నాన్న వాడలేదు. నెలరోజులు అదే గదిలో, దాని పక్కనే కూర్చుని పని చేసుకున్నారు.

"అది నా ఉద్యోగం నాన్నా," అన్నాను. "అక్షరాలు చూడటం... చేయి అలవాటు..."

ఆయన చేయి అడ్డంగా ఊపారు. దాని గురించి కాదన్నట్టు. ముందు ప్రూఫు మీద నా సంతకాన్ని చూపించారు. తర్వాత పత్రికను చూపించారు.

"దీ... దీనికి సంతకం పెట్టావు. దా... దానికేదీ?"

అత్త ఊరుకోలేదు. "సంతకమేంటన్నయ్యా! వాడు నీ పేరు రాశాడా? పేరు లేకుండా వాడు కొట్టాడు, పేరు లేకుండా మన పిల్ల కొట్టింది. చెల్లుకు చెల్లు!"

"నే... నేను లేచి నిలబడి అడిగాను," అన్నారు నాన్న. అని, మళ్ళీ జిగురు కుంచె చేతిలోకి తీసుకున్నారు.

అప్పుడే ప్రెస్సులో పనిచేసే ఒకామె మా వీధిన పోతూ కేకేసి చెప్పింది, టైపు బాబాయిని ఎడిటర్‌గారు పనిలోంచి తీసేస్తున్నారని. నా ప్రూఫు మీద 'పేదల' అని సరిగ్గానే ఉంది, సంతకం ఉంది. కంప్యూటర్ ముట్టుకునేది బాబాయి ఒక్కడే. కాబట్టి తప్పు బాబాయిది.

నేను చెప్పులు వేసుకున్నాను. వీధిలోకి వచ్చాక వెనక అడుగుల చప్పుడైంది. నాన్న. జిగురు చేతులు కూడా కడుక్కోలేదు.

ఆఫీసులో అందరూ నిలబడి ఉన్నారు. టైపు బాబాయి కళ్ళద్దాల పెట్టె, క్యారియర్ చేత్తో పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాడు. "నేను కొట్టలేదు బాబూ, నా పిల్లల మీద ఒట్టు" అని ఎన్నోసారో అంటున్నాడు.

"బాబాయి కాదండీ, నేను," అన్నాను. "సంతకం పెట్టాక నేనే మార్చాను. కావాలనే మార్చాను."

ఎడిటర్‌గారి మొహం చూడటానికి ఎంత దూరమైనా నడిచి వెళ్ళొచ్చు. ఆ మొహం నాకు ఇప్పటికీ కంఠస్థమే.

"నువ్వా? అన్నం పెట్టిన చెయ్యి... ఎవరు రాయమన్నారే నిన్ను?"

"మీరేనండీ. కోపమొస్తే రాయమన్నారు. స్థలం లేదన్నారు కాబట్టి నేనే వెతుక్కున్నాను."

"అది అబద్ధం! నేను అనని మాట నా బొమ్మ మీద వేశావు. దాన్ని స్వేచ్ఛ అనరు, మోసమంటారు!"

అది నిజం. ఆ ఒక్క మాట మాత్రం ఆయన సరిగ్గా చెప్పాడు. నేను కాదనలేదు.

"మోసమే. అందుకే వచ్చి చెబుతున్నాను. మీరు మా నాన్న అనని తొమ్మిది 'ప'లు వేశారు, అది చెప్పడానికి ఎవరింటికీ రాలేదు."

ఆయన బయటికి పొమ్మని వేలు చూపించాడు. బాబాయిని లోపలికి వచ్చి కూర్చోమన్నాడు. నా ఉద్యోగం అంతటితో సరి. వెనక్కి తిరిగాను. నాన్న కదల్లేదు. నన్ను తప్పించి ఒక అడుగు ముందుకు వేశారు. చొక్కా సర్దుకున్నారు, జిగురు మరక అంటుకుంది.

"ప..." అన్నారు.

ఎడిటర్‌గారు నోరు తెరిచాడు. ఏదో అందించబోయాడు.

"ఆగండి," అన్నాను. "ఆయన మాట ఆయన్ను పూర్తి చేసుకోనివ్వండి."

"ప..."

గదిలో పదిమంది ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. బుక్కులు అని దాటేయొచ్చు, నాన్న దాటలేదు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళు మాత్రం ఎడిటర్‌గారి కళ్ళ మీదే ఉన్నాయి. వెళ్ళిపోవడానికి ఆ మనిషికి దారి లేదు, తలుపు దగ్గర నాన్నే ఉన్నారు. ఎడిటర్‌గారి నుదుటి మీద చెమట పట్టింది. నేను ఆ చెమటను తనివితీరా చూశాను. ఇంకాసేపు పట్టినా బాగుండుననుకున్నాను.

"ప... ప... పుస్తకాలు ఎక్కడ పెడతారు?"

ఎడిటర్‌గారు బల్ల మీది సవరణ కరపత్రాలు సర్దడం మొదలుపెట్టాడు. జవాబు రాదని తేలాక నాన్న నమస్కారం పెట్టి బయటికి నడిచారు.

వెనకే నడుస్తూ నేను వేళ్ళు మడుస్తున్నాను. అలవాటు, ఏం చేయను. అడ్డు లేకుండా అడగనిస్తే మా నాన్నకు పట్టింది నాలుగు 'ప'లు. మిగతా అయిదింటిలో నాలుగు ఎడిటర్‌గారివి. ఒకటి నాది.